అవ్వ పస్తు, ఆగిపోయిన సినిమా

మా చిన్నప్పుడు... చింతామణి ఊళ్ళో వేసిన డేరా సినిమాలో, తెర మీద పెద్దాయన పస్తుండి నులకమంచం మీద పడుకొని ఉండగా... ఠక్కున ఆట ఆగిపోయింది.

పెద్దాయన ఎవరో మీకు తెలుసు, తెల్లోళ్ళను పొమ్మన్న ఆయనే. యుద్ధం రోజులు కదా, ఆ పేరు పైకి అనాలంటేనే భయం. ఆయన కథను ఎవరో నాటకంలాగా సినిమా తీస్తే, డేరా ఆయన ఊరందరికీ "దేవుడి సినిమా" అని చెప్పి వేశాడు. ఎవరు ఉప్పందించారో ఏమో... పోలీసు దఫేదారు వచ్చి ఆట ఆపించి, ఆఖరి రీలు డబ్బా ఎత్తుకొని పోయాడు. తాలూకా దాటి పొమ్మని డేరా ఆయనకు హుకుం.

అవ్వా, మేమూ బండెక్కి మా ఊరికి వచ్చేశాం. అమ్మ సంగటి వడ్డించింది. అవ్వ కంచాన్ని పక్కకు జరిపింది.

మా అవ్వకు ఒక పట్టు ఉండేది. పెద్దాయన యాడ పస్తుండినా తనూ ఇక్కడ పస్తే. ఆయన తిన్నాడని పేపరు చదివి ఎవరైనా చెబితేనే గంజి తాగేది. అది మాకు అలవాటే. కానీ ఇది సినిమా!

"అమ్మా, అది బొమ్మలాటమ్మా. ఆయన యాడో బాగుండాడు" అన్నాడు మా నాయన.

"నాకు తెలీదా? బొమ్మే. ఆ మనిషిని అట్ల పండబెట్టేసి వచ్చి నేను ముద్ద మింగల్నా? ఆయన తినేది చూసినంకనే."

మొదట నవ్వుకున్నాం. మరుసటి రోజు ఎవరికీ నవ్వు రాలేదు. అవ్వ అప్పుడప్పుడే చలిజ్వరం నుంచి లేచిన మనిషి... ఎముకల గూడు. నాడి చూసిన వైద్యుడు నాయనను బయటకు పిలిచి, "కడుపులోకి ఏమన్నా పోకపోతే కష్టమప్పా" అన్నాడు. నేను తలుపు వెనకాలే ఉన్నా. అవ్వ చచ్చిపోతుందని నాకు అప్పుడు అర్థమైంది.

నాయన డేరా ఆయన్ను వెతుక్కుంటూ పోయాడు. బట్లహళ్ళి దారిలో దొరికాడంట. బతిమాలి మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన సినిమా మిషనునూ బ్యాటరీనీ బండిలో గడ్డి కింద దాచుకొని వచ్చాడు, పాపం. దొరికితే ఆయనకే కాదు, మా నాయనకూ జైలే.

వచ్చాక తల పట్టుకున్నాడు. "పస్తు విడిచి తినే రీలు పోలీసోళ్ళ దగ్గిర ఉండాదప్పా. నా దగ్గిర ముందు రీళ్ళే ఉండాయి."

మా అమ్మ ఇంట్లో నోరెత్తే మనిషి కాదు. ఆ రోజు ముందుకొచ్చి అడిగింది... "ముందు దాంట్లో ఆయన తినేది యాడన్నా ఉండాదా?"

"ఉండాది తల్లీ. పిలకాయలతో కూర్చోని తింటాడు."

"అదే వెయ్యప్పా."

పట్టుపురుగులు మేపే గది ఖాళీగా ఉంది... గూళ్ళు అప్పుడే శిడ్లఘట్ట సంతకు పోయాయి. కిటికీలకు తడి గోనెపట్టాలు కడితే పట్టపగలే చీకటి. గోడకు నాయన పంచె. అవ్వను చాపతో సహా ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు.

ఇబ్బంది ఏమంటే ఆ మిషను చేత్తో తిప్పాలి. తిప్పితే కరకరమని వీధంతా వినబడుతుంది. అందుకే అమ్మ వీధికి అలవాటు కావాలని పొద్దున్నుంచే బయట అరుగు మీద రాగులు పోసుకొని తిరగలి తిప్పుతా ఉంది. లోపల ఒక కరకర, బయట ఒక కరకర...

సరిగ్గా అప్పుడే దఫేదారు సైకిలు మా ఇంటి ముందు ఆగింది.

"ఏమమ్మా, డేరావాడు ఈ పక్కకు వచ్చినాడా?"

"యాడొచ్చినాడప్పా? నేను పొద్దన్నుంచి ఈడే ఉండాను."

"ఇంత పిండి యాటికమ్మా?"

"పెండ్లికి."

ఎవరి పెండ్లి అని అడిగి ఉంటే మా పని గోవిందా! నేను గడపలో నిలుచున్నా. అమ్మ తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. దఫేదారు పిండి కుప్పను చూసి, చెమట తుడుచుకొని, సైకిలు ఎక్కి పోయాడు. పోయినా అమ్మ ఆపలేదు... మళ్ళీ వస్తాడేమోనని.

నేను లోపలికి పరిగెత్తా. చాటంత వెలుగు పంచె మీద. మాటల్లేవు, పాటల్లేవు. పెద్దాయన వేషగాడు పిల్లల మధ్య కూర్చొని, గిన్నెలో చెయ్యి పెట్టి, నోట్లో పెట్టుకున్నాడు.

అందరం తెర వదిలేసి అవ్వ మొహమే చూస్తున్నాం. మిషను ఆగినాక అమ్మ లోపలికొచ్చి, గోనెపట్టా ఎత్తి, అవ్వ మొహం తుడిచింది. అవ్వ మా మోసం కనిపెట్టేసిందనుకున్నా.

"గంజి తేమ్మా" అంది అవ్వ.

అమ్మ పరిగెత్తి చెంబుతో తెచ్చి పట్టించింది. అవ్వ మెల్లగా అంతా తాగింది. నాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు... ఏడ్చాడో ఏమో.

అందరూ పోయినాక అవ్వ నన్ను దగ్గరికి లాక్కొని చెవిలో చెప్పింది. "అది ముందు రీలే పాపా. ఆయన పక్కన కూర్చున్న బుడ్డోడు ముక్కు ఎగబీల్చేది డేరాలోనే చూసినా."

"మరి యాటికి తాగినావవ్వా?"

"నా మొహం తుడిచేటప్పుడు మీయమ్మ చేతులు చూసినా. బొబ్బలెక్కి నెత్తురు కారతాంది. ఆ చేతులు చూసినంక కూడా నేను పస్తుంటే... ఆ పెద్దాయనే నన్ను తిడతాడు."

అమ్మకు ఈ మాట చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నేను చెప్పలేదు. అవ్వ పోయింది, అమ్మా పోయింది. తన చేతుల కోసమే అవ్వ బతికిందని అమ్మకు చివరిదాకా తెలీదు.

ఇప్పుడు నా మనవరాలి ఫోనులో పెద్దాయన సినిమాలు ఎన్నో... సగం చూసి, ఆపేసి, అన్నానికి లేస్తాం. తప్పు అనను. కానీ ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఒక్కోసారి చెయ్యి ఆగిపోతుంది నాకు... మీ ఇళ్ళల్లో కూడా ఇట్లాంటి మొండి అవ్వలు ఉండే ఉంటారు. వాళ్ళ సంగతులు రాయండి, మనవరాలు చదివితే వింటూ కూర్చుంటా...