జాజు అంటిన అరచెయ్యి

కటింగ్ మిషన్ ఇనుమును కోస్తుంటే లేచే కమురు వాసన నాకు మల్లెపూల వాసన కంటే ఇష్టం. ఈ మాట అంటే మా ఇంట్లో అందరూ నవ్వుతారు, నవ్వనీ. మొన్న షాద్‌నగర్‌లో నర్సింలు గారి ఇంట్లో మెట్ల రైలింగ్ విప్పిస్తుంటే ఆ వాసన ఇల్లంతా నిండింది. పాత రైలింగులు తీసి కొత్తవి పెట్టడమే నా పని. ఆయన కోడలు కవితకు ఆ హంసల రైలింగ్ మొహం మొత్తింది. మెట్లకూ, పైనున్న అటకకూ అద్దాలు పెట్టాలని నన్ను పిలిపించింది. మా పనివాళ్లు గోడ వైపు గొట్టాన్ని పట్టి ఉంచే ఇనుప రేకును ఊడదీశారు. దాని వెనక గోడ మీద ఎర్రటి మరక కనిపించింది. నాలుగు వేళ్లు, సగం అరచెయ్యి. కవిత గతుక్కుమని రెండడుగులు వెనక్కి వేసి, "ఏందక్కా గిది, రక్తమా?" అంది. "రక్తం కాదు తల్లీ, జాజు. ఆ చెయ్యి నాదే" అన్నాను. గడపలకూ అరుగులకూ పూసే ఎర్రమట్టి జాజు. ఆ మరక మీద ఇప్పటి నా చెయ్యి ఆనించి చూసుకున్నాను. నన్ను ఆ గోడ దాకా నడిపించిన సుల్తానా ఆపా గుర్తొచ్చి కాసేపు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఎనభైల నడుమ మహబూబ్‌నగర్‌లో ఆమెకు వెల్డింగ్ దుకాణం ఉండేది. భర్త పోయాక అమ్మేయమని అందరూ చెప్పారట. "అమ్మి ఏం చెయ్యాలె, ఇంట్ల కూసొని బల్లులను చూడాల్నా?" అని తనే నడిపింది. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. పని అడగడానికి ఎక్కడికి వెళ్లినా ముందు నా కాలు చూసేవారు, వెంటనే చూపు తిప్పుకునేవారు, ఆ తర్వాత మహా మర్యాదగా మాట్లాడేవారు. మర్యాద ఎక్కువైందంటే పని లేదని నాకు తెలిసిపోయేది. బాపు నన్ను ఆపా దగ్గరికి తీసుకెళ్లి, "బొమ్మలు మంచిగ గీస్తదమ్మా, డిజైన్లు గీసేటందుకు పెట్టుకో" అన్నాడు. ఆపా ఆయన మాట వింటూనే నా కాలును తేరిపార చూసింది. చూపు తిప్పుకోలేదు.

"మెట్లెక్కుతవా?" అని అడిగింది.

"ఎక్కుత" అన్నాను పెళుసుగా.

"అటక మీద చాయ్ పత్తా డబ్బా ఉంది, జర తీస్కరాపో."

దుకాణం వెనక అటకకు నిటారుగా ఇనుప మెట్లుండేవి, పట్టుకోవడానికి ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది. గోడను పట్టుకుంటూ ఎక్కి, డబ్బా తెచ్చి ఆమె ముందు ఠపీమని పెట్టాను. ఆపా డబ్బా వైపు చూడనేలేదు. నేను గోడను ఎక్కడెక్కడ పట్టుకున్నానో వెళ్లి చూసి వచ్చి, "రేపట్నుంచి రా బేటీ" అంది. నా బొమ్మలు చూడకుండానే పని ఇచ్చిందేమిటా అని దారంతా బాపూ నేనూ ఆశ్చర్యపోయాం.

కారణం నర్సింలు గారి ఇంట్లో తెలిసింది. అప్పుడాయన కొత్తగా పెళ్లయినవాడు, ఫ్యాక్టరీలో ఉద్యోగం, కొత్తగా మేడ కట్టాడు. రైలింగ్‌లో హంసలుండాలని పట్టుబట్టాడు. హంసలు గీసిన కాగితం పట్టుకుని నేను గర్వంగా నిలబడ్డాను. ఆపా సంచిలోంచి గిన్నె తీసి, జాజు కలిపి, నా కుడి చెయ్యి అందులో ముంచి, "ఎక్కు" అంది. నేను ఎక్కుతూ తడబడినచోటల్లా గోడ పట్టుకున్నాను. తెల్లటి గోడ మీద ఎర్రటి చేతులు వరుసగా పడ్డాయి. నర్సింలు గారు లబోదిబోమన్నాడు.

"ఏందాపా, కొత్త గోడ ఖరాబు చేస్తున్నరు!"

"సున్నమేస్తే మరక పోతది నర్సింలూ. రేపు మీ అమ్మ జారి పడితే సున్నమేస్తే పోతదా?"

"గట్లయితే అమ్మనే ఎక్కియ్యరాదు?"

"కొడుకు చూస్తుంటే ముసలోళ్లు నడుం నిక్కబెట్టి ఎక్కుతరు. పైకి పోయి మోకాళ్లు పట్టుకుంటరు. షరం, సిగ్గు. గీ పిల్ల కాలికి షరం లేదు, నిజం చెప్తది."

నా చేతులు ఎక్కడ పడ్డాయో అక్కడే గోడకు ఇనుప రేకులు కొట్టి, వాటికి గుండ్రటి గొట్టం బిగించింది. హంసలను రెండో వైపు రైలింగ్‌లో, చేతికి తగలనంత కింద కూర్చోబెట్టింది. పని బాగుంది, కాని నా మనసు మాత్రం ఉడికిపోతోంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

"మూతి గట్ల పెట్టినవేందే?" అంది ఆపా.

"నా కాలు ఊరోళ్లకు చూపించుడు నాకు నచ్చలే. రేపట్నుంచి రాను."

ఆపా సంచి ఒళ్లోకి లాక్కుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మా ఆయన మా ఇంట్ల ఎంత అందమైన రైలింగ్ చేసిండో తెలుసా? తీగెలు, పూలు, మొగ్గలు. మా అత్త దాని పక్కన్నే గోడ పట్టుకొని ఎక్కేది. పూలు చేతికి గుచ్చుకుంటయని ఒక్కనాడు చెప్పలే. కొడుకు మనసు నొప్పిస్తదని. ఆమె పోయినంక గోడ మీద చేతి మరకలు చూస్తే నాకు తెలిసింది." నన్ను మోచేత్తో పొడిచింది. "నువ్వు రానంటే రాకు. నేను నౌకరి ఇచ్చింది నీ కాలుకు. నువ్వు దాని వెంట వచ్చినవ్ గంతే. రానని దాన్ని చెప్పమను."

కోపం నిలుపుకుందామని చాలా ప్రయత్నించాను. నవ్వు తన్నుకొచ్చింది. బస్సులో వాళ్లంతా మా వైపు తిరిగి చూశారు. మర్నాడు పొద్దున్నే, దుకాణం తలుపులు తీయకముందే వెళ్లి నిలబడ్డాను.

ఆ తర్వాత నా పేరు 'జాజు పద్మ' అయింది. జడ్చర్ల నుంచి నల్లగొండ దాకా ఎన్ని మేడలు ఎక్కానో. నన్ను చూసి చూపు తిప్పుకునే జనమే "అమ్మా, మా మెట్లు జర ఎక్కి చెప్పు" అని బతిమాలేవారు. నేను ఎక్కేటప్పుడు ఇరుగుపొరుగు కూడా వచ్చి చూసేవారు. నాకు సిగ్గు పోయింది. నిజం చెప్పాలంటే కాస్త పొగరు కూడా వచ్చింది. "కాలు నౌకరి చేస్తాంది, నోరు అఫ్సర్ అయింది" అని ఆపా ఎగతాళి చేసేది.

అంత చేసిన మనిషి తన అటక మెట్లకు మాత్రం పట్టుకొమ్మ పెట్టుకోలేదు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే. మధ్యాహ్నం పైకెక్కి నమాజు చేసుకుని, అక్కడే కూర్చుని చాయ్ తాగుతూ దుకాణమంతా కనిపెట్టి చూసేది. "గీ అటక ఎక్కలేని రోజు దుకాణం బంద్. నల్లగొండల మా తమ్మునింటికి పోత" అనేది. తొంభైలు ముగుస్తుండగా ఒక ఎండాకాలం చాయ్ డబ్బా కిందికి దిగింది. "పైన ఉడుకపోతాంది" అంది. వానలు పడ్డాయి, చలి వచ్చింది, డబ్బా పైకెక్కలేదు. తమ్ముడు ఎప్పుడు వస్తాడో అని మాటల మధ్య రెండుసార్లు అంది. ఇక నల్లగొండ ప్రయాణమేనని నాకు అర్థమైంది. ఆమె లేని దుకాణంలో నేనేం చేయాలి, ఎవరితో పోట్లాడాలి?

ఒక మధ్యాహ్నం పనివాళ్లు అన్నానికి పోయాక గిన్నెలో జాజు కలిపి ఆమె ముందు పెట్టాను.

ఆపా ముఖం ఎర్రబడింది. "నేను ముసలిదాన్నయిన్నా? చూస్తవా, ఎట్ల ఎక్కుతనో?"

"నడుం నిక్కబెట్టి ఎక్కుతవు, నాకెరుకే. నిన్ను అడుగుతలేను ఆపా. నీ మోకాలికి నా దగ్గర నౌకరి ఇచ్చిన. నువ్వు దాని వెంట రా."

నన్ను కొడుతుందనే అనుకున్నాను. చాలాసేపు గిన్నె వైపు చూసింది. ఆఖరికి కొంగు నడుముకు దోపి చెయ్యి ముంచింది. ప్రతి మెట్టుకూ ఆగి, "యా అల్లా" అని పైకే అంటూ, నొప్పిని దాచకుండా ఎక్కింది. గోడ మీద ఆమె చిన్న చేతులు ఒక్కొక్కటే పడ్డాయి. పైన కూలబడి, చెమట తుడుచుకుంటే నుదుటికి జాజు అంటింది. "నవ్వింది చాలుగని, చాయ్ పత్తా డబ్బా పట్టుకరా" అంది. నేను నవ్వడం లేదు, ఏడుస్తున్నాను. ఆ వారమే గొట్టం బిగించాం. నల్లగొండ ఊసు మళ్లీ ఎత్తలేదు. చివరిదాకా మధ్యాహ్నపు చాయ్ ఆ అటక మీదే తాగింది.

మొన్న కవిత అద్దాలకు నేను అడ్డు చెప్పలేదు. అద్దాలు అందంగానే ఉంటాయి. కాని గోడ వైపు గొట్టం ఉండాలన్నాను. నర్సింలు గారి చెయ్యి జాజులో ముంచి ఎక్కమన్నాను. ఆయన కోడలి వైపు ఒకసారి చూసి, నడుం నిక్కబెట్టి, గోడ ముట్టకుండా టకటకా పైకి పోయాడు. పైన మోకాలు రుద్దుకోవడం కింది నుంచే కనిపించింది. నేనే చెయ్యి ముంచుకుని ఎక్కాను.

ఆపా పోయాక దుకాణం ఉన్న జాగా రోడ్డు వెడల్పులో పోయింది. కూల్చేముందు అటక మెట్ల గొట్టం విప్పించి తెచ్చుకుని మా ఇంటి మెట్లకు పెట్టుకున్నాను. ఆమె పొట్టి మనిషి. తన దుకాణంలో ఎంత ఎత్తున ఉండేదో ఇక్కడా అంతే ఎత్తున బిగించమన్నాను. అది నా చేతికి బెత్తెడు కిందికి ఉంటుంది. సరిచేయిద్దామని మా పనివాళ్లు ఎన్నోసార్లు అడిగారు. వద్దన్నాను. రోజూ కాస్త వంగి, అది పట్టుకునే ఎక్కుతాను.