చేతులు కట్టుకోండి సార్

రేచల్ చేతులు ఊరికే ఉండవు. ఫ్రెంచ్ మాట్లాడేటప్పుడు మరీను. ప్రశ్న అడగబోతే అరచెయ్యి పైకి లేస్తుంది, దాని వెనకాలే గొంతూ లేస్తుంది. తెలియదని చెప్పాలంటే భుజాలు చెవుల దాకా వచ్చి, పెదాలు ముందుకు సాగి, "బోఫ్" అని గాలి బయటికొస్తుంది. "ఏమోలే, నాకేం పట్టింది" అని మనం సాగదీసి చెప్పేదాన్ని ఫ్రెంచివాళ్లు ఆ ఒక్క గాలితో తేల్చేస్తారు.

పుట్టింది నకరికల్లు పక్క పల్లెలో, మిరపకాయ కోతలకు పోయే పున్నమ్మ కడుపున. ఫ్రెంచ్ చదివింది పాండిచ్చేరిలో, ఒక ఫ్రెంచ్ ముసలమ్మ దగ్గర. మనం మాటకు మాట విడదీసి, అన్నిటినీ ఒకే బరువుతో కింద పెడతాం. వాళ్లు నాలుగు మాటల్ని ఒక్క ఊపిరిలో కలిపి పైకి తీసుకుపోయి చివర్లో దించుతారు. ఆ ఎత్తు గొంతుకి రావాలంటే ముందు చెయ్యి లేవాలని ముసలమ్మ చెప్పేది. రేచల్‌కి అది ఒంటికి పట్టేసింది.

అదే ఆమె కొంప ముంచింది. నరసరావుపేటలో ఒక ఇంటర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. అక్కడ పిల్లలు ఫ్రెంచ్ తీసుకునేది మార్కుల కోసం. పెద్ద లెక్చరర్ దుర్గాప్రసాద్ జవాబులు బట్టీ పట్టిస్తాడు, చేతులు కట్టుకుని నిలబెట్టి అప్పజెప్పించుకుంటాడు. కొత్తగా వచ్చిన పిల్ల పాఠాన్ని పిల్లలు నోరు తెరుచుకుని వింటుంటే ఆయనకు కడుపు మండింది.

యాన్యువల్ డే నాడు ఆయన స్టేజీ ఎక్కాడు. భుజం మీద చున్నీ వేసుకున్నాడు. మణికట్లు తిప్పాడు, భుజాలు ఎగరేశాడు, బుగ్గలు పూరించి "బోఫ్" అన్నాడు. పిల్లలు ఈలలు. తిరణాల్లో ప్రభ బండ్ల మీద సినిమా పాటలకు ఆడేవాళ్లకు మల్లే నడుం కూడా ఊపి, "రికార్డ్ డ్యాన్స్ మేడం" అని పేరు పెట్టి మరీ దిగాడు. కూతురి కాలేజీ చూద్దామని వచ్చిన పున్నమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. అదేదో నాటకం అనుకుని ఆమె కూడా పగలబడి నవ్వింది. నవ్వుతూ కూతురి వైపు తిరిగింది. అప్పుడు అర్థమైంది ఆ తల్లికి.

మర్నాడు స్టాఫ్ రూములో అందరి ముందూ దుర్గాప్రసాద్, "చేతులు కట్టుకుని పాఠం చెప్పమ్మా, ఇది మర్యాదస్తుల కాలేజీ" అన్నాడు. రేచల్ చేతులు కట్టుకుని చూసింది. గొంతు లేవలేదు. ఆ నెలలోనే ఉద్యోగం మానేసింది. ఆ పేరు మాత్రం ఆమెతో పాటే చర్చి దాకా, బస్టాండు దాకా వచ్చింది.

ఇప్పుడు ఆమెకు మెడికల్ షాపు పైన సొంత కోచింగ్ ఉంది. కెనడా పోదామనుకునే నర్సులు వస్తారు. ఫ్రెంచ్‌లో మాట్లాడే పరీక్ష గట్టెక్కితే అక్కడ వీసాకి పాయింట్లు కలుస్తాయి. ఒక సాయంత్రం స్వీట్ల డబ్బా పట్టుకుని దుర్గాప్రసాద్ మెట్లెక్కి వచ్చాడు. ఆయన కూడా కెనడాకి పెట్టుకున్నాడు. రాత పరీక్షలో తిరుగులేదు. మాట్లాడే పరీక్ష ఒకసారి పోయింది. వయసు మీద పడేకొద్దీ పాయింట్లు తగ్గిపోతున్నాయి, ఈసారి కూడా పోతే కెనడా ఫైలు మూసుకోవాల్సిందే.

"పాతవి మనసులో పెట్టుకోబాకమ్మా. ఏదో సరదాకి చేసింది" అన్నాడు.

సరదా! రేచల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పైకి మాత్రం కుర్చీ చూపించింది.

"ఆ పిల్లల మధ్య నేను కూర్చోలేను. నాకు విడిగా చెప్పు" అన్నాడాయన. తన ఉచ్చు తనే బిగించుకుంటున్నాడని తెలియదు పాపం. పిల్లల మధ్య ఒక్క గంట కూర్చుని ఉంటే ఆయనకు చేతుల సంగతంతా తెలిసిపోయేది.

రేచల్ ఇంటికెళ్లేసరికి కబురు పున్నమ్మకు చేరిపోయింది. "ఏమే, వాడు నీ మెట్లెక్కాడంటగా! ఆ నర్సుపిల్లల ముందర నిలబెట్టి ఎగిరించు. ఈసారి తెలిసే నవ్వుతా."

"ఎగిరితే పాసవుతాడమ్మా" అంది రేచల్. "వాణ్ణి వాడిలాగే ఉంచుతా."

క్లాసు మొదలయ్యింది. దుర్గాప్రసాద్ చేతులు కట్టుకుని, వార్తలు చదివినట్టు చదువుకుపోయాడు. ప్రశ్నా ఒకటే గొంతు, జవాబూ ఒకటే గొంతు. "ఏంది, నేను కూడా చేతులు తిప్పాలా?" అని నవ్వాడు.

"మీకెందుకు సార్? మీరు పెద్దవాళ్లు. చేతులు కట్టుకుని మాట్లాడితేనే మర్యాద" అంది. ఆయన మాటే ఆయనకు తిరిగిచ్చింది. ఆయన దాన్ని గుర్తుపట్టలేదు సరికదా, పొంగిపోయాడు. రోజూ పొగిడింది. రోజూ చల్లగా ఉండేది ఆమె ప్రాణానికి.

ఒకరోజు మాత్రం చిక్కొచ్చింది. కుటుంబం గురించి చెప్పమంటే ఆయన కూతురు సౌందర్య సంగతి ఎత్తుకున్నాడు. వినుకొండ రోడ్డు మీద ఆ పిల్ల మొదటిసారి సైకిల్ తొక్కిన రోజు, వెనక పట్టుకుని పరిగెత్తిన తను చెయ్యి వదిలేసిన క్షణం. చెబుతూ చెబుతూ ఆయన చేతులు విడిపోయాయి. కుడిచెయ్యి గాలిలోకి లేచింది, దానితో గొంతూ లేచింది. మాటలు ఒక్క ఊపిరిలో కలిసి పైకి పోయి, మెత్తగా దిగాయి. అచ్చమైన ఫ్రెంచ్. పాండిచ్చేరి ముసలమ్మ వింటే చప్పట్లు కొట్టేది.

రేచల్ లోపల ఉన్న టీచరు ఎగిరి గంతేసింది. అంతలోనే యాన్యువల్ డే నాడు నవ్వు ఆగిపోయిన తల్లి ముఖం గుర్తొచ్చింది.

"సార్, చేతులు" అంది.

ఆయన ఉలిక్కిపడి చేతులు కట్టుకున్నాడు. గొంతు మళ్లీ నేల మీద పడింది. ఆ రాత్రి రేచల్‌కి అన్నం సయించలేదు. అయినా మర్నాడు కూడా నిజం చెప్పలేదు.

హైదరాబాదులో మాట్లాడే పరీక్షకు వెళ్లొచ్చాడు. ఫలితం వచ్చిన మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"పోయిందమ్మా. నాది అయ్యాక బయట కూర్చుని, లోపల మాట్లాడే పిల్లల్ని తలుపు అద్దంలోంచి చూశా. నీ నర్సులు. ఒక్కదాని చేతులన్నా కుదురుగా లేవు" అన్నాడు. మళ్లీ తనే అడిగాడు, "ఆ సైకిల్ సంగతి చెప్పినప్పుడు నాకు సరిగ్గా వచ్చింది కదా? నాకు తెలుస్తానే ఉంది. నువ్వే ఆపావు. ఎందుకాపావమ్మా?"

చెప్పడానికి రేచల్ దగ్గర చాలా ఉంది. స్టేజీ ఉంది, చున్నీ ఉంది, ఇప్పటికీ ఎక్కడ నలుగురు నవ్వుతున్నా ముందు కూతురి ముఖం చూసే పున్నమ్మ ఉంది. అదేమీ చెప్పలేదు. భుజాలు చెవుల దాకా లేచాయి, పెదాలు ముందుకు సాగాయి.

"బోఫ్" అంది.

అవతల ఆయన ఆ చప్పుడును గుర్తుపట్టాడు. ఊరంతటికీ దాన్ని నేర్పింది ఆయనే. ఇంకేమీ అడక్కుండా ఫోన్ పెట్టేశాడు.

పక్క గదిలో నర్సులు "మేడం, టైమయ్యింది" అని పిలుస్తున్నారు. రేచల్ లేచి వెళ్లింది. లేచిన భుజాలు దిగడానికి మాత్రం చానాసేపు పట్టింది.