లోపల వదిలిన రెండు వేళ్ళ గుడ్డ

మా బావగారు సాంబయ్య మాస్టారు ఇక లేరు. భాద్రపద మాసపు ముసురులో, రేపల్లెలోని స్వగృహంలో, మధ్యాహ్న భోజనానంతరం కుర్చీలోనే పరమపదించారు. "ఒసేయ్ చిన్నీ, మీ బావ వెళ్ళిపోయారే" అని అక్క అనసూయ ఫోను చేస్తే, బాపట్లలో ఉన్న నేను "ఏ ఊరికే?" అని అడిగాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, ఆ మాట అర్థం చేసుకోవడానికి మనసొప్పలేదు.

ఆయన దర్జీ. దసరా ముందు దర్జీ మాట నమ్మేవాళ్ళెవరూ ఉండరు గాని, ఆయన చెప్పిన పూటకు బట్ట ఇవ్వని రోజు లేదు. "పండగ దాటాక ఇచ్చేది పాత బట్టేనమ్మా" అనేవారు. ప్రతి రవికకూ లోపల రెండు వేళ్ళ గుడ్డ అదనంగా వదిలేవారు. ఎందుకంటే, "మనిషి మారుతుంది కదమ్మా, విప్పుకోడానికి ఉండాలి" అనేవారు.

యాభై ఏళ్ళ కిందట ఆయనకు తెనాలిలో అద్దెకొట్టు, అరువు మిషను. తల్లి రైసుమిల్లులో చెరిగే కూలీ. మాది వేమూరు దగ్గర భూస్వామి కుటుంబం. మా ఇంటి ఆడవాళ్ళు దర్జీ గడప తొక్కకూడదు. కొలతకు ఒక పాత రవిక, అదే ఆది, పాలేరు చేత పంపేవాళ్ళం. నాలుగు దసరాలు మా అక్క రవికలు ఆయన అలాగే కుట్టారు. అక్క ప్రతిసారీ "చంకలో పట్టేస్తోందని చెప్పు" అంటూ తిప్పి పంపేది. పట్టేసేదీ లేదు, పాడూ లేదు. నాకు తెలుసు. ఒకసారి తెనాలి దసరా పందిట్లో ఆయన మా అక్కను చూశారు. "ముందు నా కుట్టు గుర్తుపట్టాను మరదలా, మొహం తరవాత చూశాను" అని ఎన్నోమార్లు చెప్పి మురిసిపోయేవారు.

ఆ మరుసటేడు అక్కకు పెద్ద సంబంధం కుదిరింది. పెళ్ళి రవికల గుడ్డలు ఆయన దగ్గరికే వెళ్ళి, కత్తెర తగలకుండా వెనక్కి వచ్చాయి. మహర్నవమి, మిషను పూజలో ఉంది, ముట్టకూడదన్నారు. నాన్న కారెక్కి వెళ్ళారు.

"ఏంట్రా, పూజయ్యాక కుట్టొచ్చుగా?"

"అయ్యాక కూడా నా చేత కాదండి."

ఆ మాట వెంట వెళ్ళిన పాలేరు ఇంట్లో చెప్పాడు. మర్నాడు విజయదశమి. అక్క పట్టపగలు బస్సెక్కి ఆ కొట్టుముందు దిగింది. "అవన్నీ అక్కర్లేదు. ఒక్కటి కుట్టండి, మన పెళ్ళికి" అందట. ఆ ధైర్యం మా వంశంలో మరెవరికీ లేదు.

నాన్న తలుపు మూసేశారు. అక్క చేసిన పనికి నా సంబంధం తప్పిపోయింది. ఏడేళ్ళు నేను బావగారి పేరెత్తలేదు. అమ్మ మాత్రం, నాన్నకు తెలియకుండా, ఏటా దసరాకు తన ఆదీ, కొత్త గుడ్డా వాళ్ళు కాపురం పెట్టిన రేపల్లెకు పంపేది. ఉత్తరం ముక్క ఉండేది కాదు. ఏడో ఏట ఆ ఆది పరిచి చూసిన బావగారు కత్తెర పక్కన పెట్టేశారట. అమ్మ తన రవికను రెండు పక్కలా చేతికుట్టుతో లోపలికి బిగించి కుట్టుకుంది.

"అత్తయ్యగారు బాగా చిక్కిపోయారు. రవిక తరవాత కుడతా. నువ్వు ముందు బయల్దేరు" అని అక్కతో అన్నారట.

అక్క వచ్చింది. నాన్న రమ్మనలేదు, పొమ్మనలేదు. అమ్మ జబ్బు అప్పటికే ముదిరింది. మూడు వారాల తరవాత అక్క ఒళ్ళోనే కన్నుమూసింది. కర్మకొచ్చి గేటు బయటే నిలబడ్డ బావగారికి నేనే మంచినీళ్ళు తీసుకెళ్ళాను. "ఏడేళ్ళయినా నీ కోపానికి ఆది దొరకలేదు మరదలా" అన్నారు. ఏడుస్తూనే నవ్వాను. ఆ పూట నుంచీ ఆయన నాకు బావగారు.

మొన్న పెద్దకర్మనాడు అక్క నా చేతిలో పొట్లం పెట్టింది. ఈ దసరాకని నేను పంపిన నీలం గుడ్డ. పోయిన రోజు పొద్దున్నే కుట్టడం ముగించారట. హుక్కులు వేయడం మొదట్నుంచీ అక్క పని. కళ్ళు తుడుచుకుంటూనే వేసేసింది.

"ఇప్పుడిదేంటే?" అన్నాను.

"పండగ దాటితే పాతబట్టేనే. మీ బావ ఒప్పుకోరు."

ఇంటికొచ్చి తొడుక్కుంటే చక్కగా సరిపోయింది. నేనిచ్చిన ఆది ఈ ఏడు నేను జబ్బుపడక ముందుది, ఇప్పుడు నాకది వదులు. శ్రావణంలో నన్ను పలకరించడానికొచ్చినప్పుడు బావగారు, చిక్కిన నా ఒంటిని కంటితోనే కొలుచుకున్నారన్నమాట. తిరగేసి చూశాను. లోపల రెండు పక్కలా రెండేసి వేళ్ళ గుడ్డ. డెబ్బైకి చేరువైన ఈ మరదలు మళ్ళీ కోలుకుని ఒళ్ళు చేస్తుందని ఆ మహానుభావుడి నమ్మకం.

బావగారూ, మీ చేతులకు నా నమస్కారం. ఆ నమ్మకం వమ్ము చేయకూడదని రెండు పూటలా తింటున్నాను. ఒళ్ళొస్తే, ఆ కుట్టు విప్పి మళ్ళీ కుట్టడానికి మాత్రం మీరు లేరు.