క్లాంపు మీద ఎర్ర గీత

షోరూం సోఫాలోంచి ఆవిడ ఏడోసారి లేచింది. కూర్చుంటే కాళ్లు ఊరుకోవడం లేదు, నిలబడితే మనసు ఊరుకోవడం లేదు. అద్దాల ముందు కొత్త కార్లు తళతళలాడుతున్నాయి. ఆవిడ బండి మాత్రం వెనక వర్క్‌షాప్‌లో ఎక్కడో ఉంది. నాలుగు రోజులుగా దాన్ని కంటితో చూడనివ్వలేదు.

"కూర్చో అక్కా. నేల అరిగిందని దానికీ బిల్లేస్తారు," అంది తోడుగా వచ్చిన తోడికోడలు.

పోయిన సోమవారం బండిని ఇక్కడే సర్వీసుకి ఇచ్చింది, మర్నాడు తెచ్చుకుంది. బుధవారం పొద్దున వెనక సీట్లో తను ఆస్పత్రికి తిప్పే రోగుల్లో ఒకరైన రిటైర్డ్ మేష్టారిని కూర్చోబెట్టుకుని డయాలిసిస్‌కి తీసుకెళ్తుంటే, వంతెన మధ్యలో బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సున లేచింది. అది చల్లారకముందే కంపెనీ వాళ్ల బండి వచ్చి లాక్కెళ్లింది. రెండు గంటలు ఆలస్యంగా ఆస్పత్రికి చేరిన మేష్టారు పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కంపెనీ వాళ్ల లెక్క వేరు. రేడియేటర్ గొట్టం పాతదై దానంతటదే ఊడిందట. సర్వీసులో దాన్ని ముట్టుకోనే లేదని రాసిచ్చారు కూడా. ఇంజన్ వేడెక్కిందని లైటు వెలిగినా ఈవిడ ఆపకుండా నడిపిందట. ఇంజన్ ఖర్చంతా ఈవిడదేనట. అది బండి ఖరీదులో సగం పైమాటే. ఒప్పుకుని సంతకం పెడితేనే రిపేరు, లేదంటే రోజుకింత పార్కింగు. వారానికి మూడుసార్లు నలుగురు రోగుల్ని ఆస్పత్రికి చేర్చే ఆ బండే ఆవిడ బతుకుతెరువు. అది తెలిసే తొందరపెడుతున్నారు. పేదవాడికి వ్యవధి ఉండదని పెద్ద కంపెనీలకి బాగా తెలుసు.

అంతకుముందు ఆవిడ పద్దెనిమిదేళ్లు నీటి పంపుల ఫ్యాక్టరీలో చేసింది. నట్టు బిగించగానే, నట్టు మీద నుంచి పంపు ఒంటి మీదకి ఎర్రరంగుతో ఒకే గీత గీయాలి. గీత రెండు ముక్కలైతే నట్టు కదిలిందన్నమాట. ఆ గీతలు గీసీ గీసీ 'గీతలక్క' అయింది. ఒక శుక్రవారం గేటుకి కాగితం అంటించి ఫ్యాక్టరీ మూసేశారు గానీ, చేతికి అలవాటు పోలేదు. ఇంట్లో కుళాయికి గీత, కుక్కర్ పిడికి గీత. పాత కారు కొన్నాక బానెట్ ఎత్తి గొట్టాలు బిగించే తొమ్మిది క్లాంపులకీ, గొట్టం మీదికి వచ్చేలా గోళ్లరంగుతో గీసింది.

"ఒక్కరోజైనా గోళ్లకి వేసుకున్నావా ఆ రంగు?" అని తోడికోడలు ఇప్పటికీ ఏడిపిస్తుంది.

సర్వీస్ అడ్వైజర్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. "మేడం, ఈలోపు సంతకం కానివ్వండి. బండిని కడగడానికి పెడుతున్నాం, ఆ మురికిలో ఏమీ కనబడట్లేదు."

"ఏం కడుగుతారు?"

"ఇంజనండి. డీజిల్ కొట్టి శుభ్రంగా రుద్దేస్తారు."

డీజిల్ పెట్టి రుద్దితే గీతలు మిగులుతాయా?

"అక్కా, ఎక్కడికే?" అని తోడికోడలు వెంటపడేలోపే ఆవిడ గాజు తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

"మేడం! లోపలికి కస్టమర్లు రాకూడదు!"

"బండి రావచ్చు, బండి గలావిడ రాకూడదా?"

వాషింగ్ దగ్గర పైపు పట్టుకున్నవాడు బిత్తరపోయి ఆగాడు. ఆవిడ బానెట్ ఎత్తింది. ఫోన్ లైటు వేసింది. ఊడిన గొట్టం మీద సగం గీత పైకి చూస్తోంది. దాని క్లాంపు మీది సగం గీత కిందికి తిరిగి ఉంది. స్క్రూ వదులుగా వేలాడుతోంది. ఆవిడ గబగబా ఫోటోలు తీసింది.

మేనేజర్ వచ్చాడు. "గోళ్లరంగు చూపిస్తే సాక్ష్యమైపోతుందా అమ్మా?"

"మిగతా ఎనిమిదీ చూడండి. గీత చెదిరిందా? దానంతటదే ఊడితే గొట్టం జారాలిగానీ, క్లాంపు గిరుక్కున తిరిగి స్క్రూ విప్పుకుంటుందా? మీరు దీన్ని ముట్టుకోలేదని రాసిచ్చారు కదా."

పక్కన ఇంకో బండి దగ్గర నిలబడ్డ నడివయసు మెకానిక్ చేతిగుడ్డ నలిపాడు.

"నేనే తీశానమ్మా. బెల్టు మార్చడానికి చెయ్యి దూరలేదు. బిగించేలోపే తర్వాత బండి తెచ్చి నిలబెట్టారు. రోజుకి పదకొండు బళ్లు."

మేనేజర్ మొహం వెంటనే తేటపడింది. "చూశారా, మనిషి తప్పు! ఇతని జీతంలో పట్టుకుంటాం. మీకు ఉచితంగా చేసిస్తాం, మర్యాదపూర్వకంగా. ఇంక కంప్లైంట్ అక్కర్లేదు."

బండి చేతికొచ్చినట్టే. తోడికోడలు మోచేత్తో పొడిచింది. "ఊఁ అనవే!"

ఆవిడకి ఫ్యాక్టరీ లైను కళ్ల ముందు మెదిలింది. నిమిషానికి మూడు పంపులు కదిలొచ్చేవి. గీత తప్పితే జీతంలో కోత ఆడవాళ్లకి, లైను వేగం పెంచినవాడికి బహుమతి.

"రోజుకి పదకొండు అని రాసింది ఇతనా?" అంది. "మర్యాద కాదు, తప్పు అని రాయండి. క్లాంపు వర్క్‌షాప్‌లో బిగించలేదు అని. దాని కింద, పనివాడి జీతంలో కోత ఉండదు అని."

"అది మా లోపలి వ్యవహారమమ్మా."

"నా మేష్టారు వంతెన మీద కూర్చున్నారండీ, మీ లోపల కాదు."

మేనేజర్ ఫోన్ పట్టుకుని గదిలోకి పోయాడు. ఆవిడ వర్క్‌షాప్‌లో అటూ ఇటూ తిరిగింది. రేపటికి ఆటో మాట్లాడానని మేష్టారికి ఫోన్ చేసింది. మెకానిక్ ఇంకో బండి కింద దూరాడు. కాగితం వచ్చేసరికి అందులో మొదటి వాక్యమే ఉంది. ఆవిడ పెన్ను తీసి రెండోది తన చేత్తో రాసి, కాగితం మేనేజర్ వైపు తిప్పింది.

"ముందు మీరు. తర్వాత నేను. లేదంటే ఫోటోలు పట్టుకుని వినియోగదారుల కోర్టుకి పోతాను."

షోరూంలోంచి ముగ్గురు కస్టమర్లు తొంగిచూస్తున్నారు. అందులో ఒకాయన తన బండి బానెట్ కూడా ఎత్తమంటున్నాడు. మేనేజర్ సంతకం పెట్టాడు.

తొమ్మిది రోజులకి బండి సిద్ధమైంది. ఆవిడ అక్కడే బానెట్ ఎత్తి కొత్త గొట్టం, క్లాంపు చూసింది. స్క్రూ తిప్పి చూసింది. గోళ్లరంగు సీసా మూత తీసింది. మెకానిక్ టార్చి పట్టుకున్నాడు.

"ఇప్పుడు రోజుకి ఎన్ని బళ్లు?" అంది ఆవిడ గీస్తూనే.

"పదకొండే అమ్మా."

గీత మధ్యలో ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పూర్తిచేసి, సీసాని అతని పనిముట్ల పెట్టెలో పెట్టి, మేష్టారికి టైమవుతోందని బండెక్కింది.