మోకాళ్ళ కింద నీళ్ళు

ఈ శుక్రవారం ఉదయం మామూలుగానే మొదలైంది. నేను టీ కాచాను, మరదలు చాప పరిచింది, తమ్ముడు చేపల తొట్టికి కొత్త ఫిల్టరు బిగించి స్విచ్ వేశాడు. బహ్రెయిన్‌లో సెలవు రోజు కదా, ముగ్గురం తీరిగ్గా మోకరించి కళ్ళు మూసుకున్నాం.

ప్రార్థన సగంలో మోకాళ్ళకు చల్లగా తగిలింది. కళ్ళు తెరిస్తే చాప తడిసి ఉంది. ఫిల్టరు జోరుకు నీళ్ళు తొట్టి దాటి చిమ్ముతున్నాయి, నేల మీది ఎక్స్‌టెన్షన్ బాక్సుకు జానెడు దూరంలోకి వచ్చేశాయి. తమ్ముడు తడి చేత్తో బాక్సు అందుకోబోయాడు.

"ముట్టుకోకురా!" అని అరిచాను. మరదలు పరుగెత్తి గుమ్మం పక్కన మెయిన్ స్విచ్ ఆపింది.

"తొట్టి ఎన్ని లీటర్లని షాపు భాయ్ అడగలేదా?"

"అడిగిండక్కా. తెల్వదు, పెద్దదే ఇయ్యమన్న."

"దగ్గు మందు కూడా అట్లనే సీసా మొత్తం తాగుతావురా?"

వాడు గుడ్డ తెచ్చి నేల తుడవసాగాడు. దేవుడు కాపాడాడు, కానీ కొలత మనమే చూసుకోవాలి. మీలో ఎంతమంది తొట్టి కొలవకుండా ఫిల్టరు కొన్నారో నిజం చెప్పండి.

సాయంత్రం బకెట్‌తో కొలిస్తే తొట్టి నలభై లీటర్లే. రేపు దానికి తగిన ఫిల్టరు తేవాలని, బాక్సును గోడకు ఎత్తులో బిగించాలని నిర్ణయించుకున్నాం. అది అయ్యేదాకా ప్రార్థన వంటగదిలోనే.