అన్న నా కోసం వదిలిన జాగ

పొద్దున రొట్టెలు చేస్తుంటే మా డ్రమ్మర్ ఫోన్ చేశాడు. "అక్కా, అన్న పోయిండు. దుకాణంల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు" అన్నాడు. ఏ అన్న అని అడిగాను. మా బ్యాండుకు అన్న ఒక్కడేనని తెలిసి కూడా అడిగాను.

మీలో ఆయన గురించి విన్నవాళ్లు ఉండరు. సిద్దిపేటలో బోరు మోటార్లకు వైండింగు చేసేవాడు. సాయంత్రం షట్టరు దించి గిటారు పట్టేవాడు.

ఆయన నా గొంతు మొదటిసారి విన్నది చావు ఇంట్లో. మా మేనత్త పోతే నేను రాగం తీసి ఏడుస్తున్నాను. దినాలు అయ్యాక వెతుక్కుంటూ వచ్చి, "చెల్లె, గా గొంతుతోని మా బ్యాండుల పాడుతవా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"సావుకాడ ఏడ్సుడు గూడ నీకు పాట లెక్క వినొచ్చిందా? సిగ్గనిపిస్తలేదా అన్నా?"

నవ్వాడే గాని కదల్లేదు. "మేం వాయించే బ్లూస్ పాటలంటే గదే చెల్లె. కడుపుల దుఃఖం గొంతుల కెల్లి ఎల్లుడు" అన్నాడు.

అట్లా చేరాను. వాళ్లు రికార్డు చేస్తున్న ఆల్బం సగంలో ఉంది, అప్పటికే ఇద్దరు గాయకులు మానేశారు. నేను చేరాక బేస్ గిటారు అబ్బాయి నౌకరీ దొరికి హైదరాబాద్ పోయాడు. డ్రమ్మర్ అలిగి పెళ్లిళ్ల డీజేలో కలిసి, మళ్లీ వచ్చాడు. కొత్తవాళ్లు రాగానే పాతవాళ్లది చెరిపేసి మళ్లీ రికార్డు చేద్దామనేవాళ్లు. అన్న వినేవాడు కాదు. "ఆడు పోతె పోయిండు, వాయించింది ఎందుకు తీస్తవ్? గా పూట ఆడు మనోడే గద!" అనేవాడు. అందుకే మా ఆల్బంలో పాటకో గొంతు ఉంటుంది.

మేం రికార్డు చేసే గది కిరాయిది. బయటి చప్పుడు రాకుండా గోడలకు బొంతలు, దుబ్బాక తువ్వాళ్లు కొట్టాడు. వాన పడితే రేకుల చప్పుడుకు పని బందు. అప్పుడు మిర్చీలు తెప్పించి, "దేవుడు గూడ డ్రమ్మరే ఆయె" అనేవాడు.

చివరి పాట దగ్గర ఇద్దరం తగువుపడ్డాం. నడుమ మాటలు వద్దు, చావు ఇంట్లో తీసే శోకం కావాలన్నాడు. ససేమిరా అన్నాను. ఎవరూ పోకుండా శోకం తీస్తే ఇంటికి అరిష్టమని మా అవ్వ చెప్పేది, నేనూ నమ్ముతాను. వేరే ఎవరితోనైనా పాడించుకోమన్నాను. "నువ్వు గాకుంటె గా పాటే వద్దు" అని, తన గిటారు మాత్రం వాయించి, నా జాగ ఖాళీగా ఉంచాడు. ఆ ఒక్క పాట కోసం ఆల్బం ఆగిపోయింది. అయినా ఒక్కనాడూ మళ్లీ అడగలేదు, పిచ్చి మారాజు.

అన్న పోయిన రోజు వాకిట్లో ఆయన్ని పడుకోబెట్టి ఆడవాళ్లంతా శోకాలు తీస్తుంటే నాకు గొంతు పెగల్లేదు. వదిన నన్ను పట్టుకుని, "నువ్వన్న ఏడ్వు బిడ్డా" అంది. మేనత్తకు వచ్చిన రాగం అన్నకు రాలేదు.

దినాలు అయిన మర్నాడు గదికి పోయాం. డ్రమ్మర్ నా ముందు మైకు పెట్టి, రికార్డు నొక్కి చివరి పాట పెట్టాడు. అన్న గిటారు వాయిస్తూ వాయిస్తూ మెల్లగా తగ్గించాడు. నా జాగ వచ్చింది.

"మమ్ముల ఎవలకు ఒప్పజెప్పి పోతివి అన్నా..."

శోకం దానంతటదే గొంతులోంచి బయటికి వచ్చింది. ఇక ఆపుకోలేకపోయాను. కంప్యూటర్ తెర మీద ఆయన గిటారు గీత, దాని కింద నా గొంతు గీత జతగా సాగుతున్నాయి. కాసేపటికి పైది అయిపోయింది. నాది ఇంకా పోతూనే ఉంది.