గుట్ట మీద నల్ల బుట్ట

మా ఆయన ఏడేండ్లు మద్రాసు హార్బరులో కలాసీగా చేసి వచ్చినాడు. అక్కడేం చేసేవాడివయ్యా అంటే, బంతి ఎత్తేవాణ్ణి అనేవాడు. పెండ్లయిన కొత్త, నాకు నవ్వు ఆగేది కాదు. ఇంత మనిషి, ఏడేండ్లు బంతి ఎత్తడమేంది అని మా అమ్మకు చెప్పి మరీ నవ్వినా.

తర్వాత తర్వాత తెలిసింది. రేవులో ఎత్తయిన బురుజు, దాని మీద కొయ్య, ఆ కొయ్యకు నల్లటి పెద్ద బంతి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు దాన్ని సగం దాకా లాగేవాళ్లంట, ఇంకో రెండు నిమిషాలుందనగా కొన దాకా. సరిగ్గా ఒంటిగంటకు, నక్షత్రాలు చూసే ఆఫీసు నుంచి తంతి రాగానే అది జారి పడేది. ఓడల్లో దొరలు దుర్భిణీలు పెట్టి దాన్నే చూస్తా గడియారాలు సరిచేసుకునేవాళ్లు. గడియారం తప్పితే నడిసముద్రంలో తామెక్కడున్నారో వాళ్లకే తెలీదంట. ఆ మాట చెప్పేటప్పుడు మా ఆయన ముఖం చూడాల, ఆ ఓడలన్నీ ఆయన చేతిలోని తాడుకే కట్టేసినట్టు ఉండేది.

రాచర్ల దాపున మా ఊరికి సముద్రమెక్కడిది? గొర్రెలు, మెట్టచేలు, ఎద్దులతో నీళ్లు తోడే ఒక కపిల బావి. ఆ బావి మా ఆయనకూ ఆయన అన్నకూ, అంటే మా బావకూ ఉమ్మడి. పొద్దున బావ వంతు, మధ్యాహ్నం నుంచి మాది. పొద్దు నెత్తి మీదికొచ్చిందని ఈయన, ఇంకా రాలేదని ఆయన. ఒక ఎండాకాలం మాటామాటా పెరిగి, అసలుకే మాటలు పోయినాయి. ఒక కడుపున పుట్టినోళ్లు ముఖాలు తిప్పుకొని పోతావుంటే నాకు ఒళ్లు మండేది.

అప్పుడు మా ఆయనకు బంతి గుర్తొచ్చింది. చిల్లుల బుట్టకు చినిగిన గొంగడి చుట్టి, బావి పక్క గుట్ట మీద వాసం నాటి గిలక కట్టి, దాని లెక్క బావకు నా చేత చెప్పించినాడు. మద్రాసులో కొన్న జేబు గడియారం ఉండనే ఉంది. వారానికోసారి గిద్దలూరు స్టేషనుకు నడిచిపోయి, సాయంత్రం నాలుగింటికి తంతిలో మద్రాసు టైము వస్తే దానికి సరిపెట్టుకొని వచ్చేవాడు. బుట్ట సగానికి లేస్తే బావ ఆఖరి మడి చూసుకునేవాడు, పన్నెండింటికి అది కింద పడితే ఎద్దుల్ని విప్పేవాడు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వినా. జగడం మాత్రం ఆగింది. అయితే అన్నదమ్ములు ఇంక మాట్లాడుకునే పనే లేకుండా పోయింది. అదే నాకు దిగులు.

ఒక వేసవిలో మా ఆయనకు చలిజ్వరం తగులుకొని మూడు వారాలు స్టేషనుకు పోలేదు. బుట్ట మాత్రం ఆపలేదు, కండ్లు తిరుగుతున్నా గుట్టెక్కేవాడు. జ్వరం తగ్గినాక గిద్దలూరు పోయి వచ్చినాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. గడియారం రోజూ కొంచెం కొంచెంగా, మొత్తం ఇరవై నిమిషాలు ముందుకు పోయిందంట. అన్ని రోజులూ బుట్ట ముందే పడి, అన్న నీళ్లు మేము తోడుకున్నాం. అదీ బావి అడుగు కనపడే రోజుల్లో. బావ మిరప నారు ఒక పక్క మాడిపోయింది, మేమూ చూస్తానే ఉన్నాం.

ఎవరికి తెలుసు, గమ్మున సరిచేసుకో అని చెప్పినా. చెప్పినానంటే చెప్పినా, దాచేదేముంది? తెలిస్తే బావికి అడ్డగోడ కడతారు, ఇంక ఈ జన్మకు కలవరని నా భయం.

మరునాడు మా ఆయన బుట్ట ఎత్తకుండా, నా ఎర్ర రవిక ఒకటి తీసుకుపోయి వాసానికి ఎగరేసినాడు. రేవులో బంతి తప్పుగా పడితే వెంటనే జెండా ఎత్తాలంట, దాన్ని నమ్మొద్దని ఓడలకు చెప్పేదానికి. ఓడలకు తెలుసు గానీ మా ఊరికేం తెలుసు? సిగ్గుతో చచ్చిపోయినా.

కాసేపటికి బావ ఎద్దుల్ని వదిలేసి గుట్టెక్కి వచ్చినాడు. "ఏందిరా ఆ గుడ్డ?"

ఎన్నాళ్లకో విన్న ఆ గొంతుకు మా ఆయన తల వంచేసినాడు. "తప్పయిపోయిందన్నా. ఈ మూడు వారాలూ నీ నీళ్లు నేను తోడుకున్నా."

"నాకు తెలుసు," అన్నాడు బావ. "రోజూ ఆఖరి మడి దాకా పారే నీళ్లు రెండు మళ్ల ముందే నిలిచిపోతే తెలీదా? చెప్పాలంటే నీతో మాట్లాడాల. అందుకే ఎండనిచ్చినా."

మా ఆయన అక్కడే కూలబడి ఏడ్చినాడు. బావ పక్కన కూర్చొని వీపు మీద చెయ్యేసినాడు. ఆ పూట అన్నదమ్ములిద్దరి చేలకూ నీళ్లు లేవు. నేను చెంబుతో మంచినీళ్లు తెచ్చిస్తే బావ తాగి, నా దిక్కు చూసి, "ఒప్పుకోమని చెప్పింది నువ్వే గదమ్మా?" అన్నాడు.

తల ఊపినా. ఊపకుండా ఉండాల్సింది, ఊపినా. బావ బతికినన్నాళ్లూ, మా ఇంటిని నిలబెట్టింది ఈమేనని వచ్చినోళ్లకల్లా చెప్పేవాడు. మా ఆయన పక్కనే కూర్చొని వినేవాడు. ఒక్కసారి కూడా కాదనలేదు.